పర్వదినాల సముద్రం

సముద్రం నిత్యం సేవింపదగినదే కాని నిత్యం స్పృశింపదగినది కాదని ధర్మశాస్త్ర సంప్రదాయం. అశ్వత్థవృక్షాన్ని తాకడానికి శనివారం ఎటువంటిదో, సముద్రాన్ని తాకడానికి పర్వదినం అటువంటిది. అమావాస్య, పౌర్ణమి, గ్రహణం మొదలైన పుణ్యకాలాల్లో సంకల్పపూర్వకంగా స్నానం చేయవచ్చు. తక్కిన దినాల్లో తీరాన నిలిచి నమస్కరించి మరలిరావాలి. సేతువు వద్ద మాత్రం ఈ కాలనియమం లేదంటారు. కోనసీమలో పెరిగినవారికి ఈ సంగతి ఎవరూ ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు. మాఘపౌర్ణమినాడు అంతర్వేదిలో సాగరసంగమ స్నానానికి ఎందరు తరలివస్తారో వారు బాల్యం నుంచి చూస్తూనే ఉంటారు.

అట్టి కోనసీమ అగ్రహారంలో పుట్టి, తండ్రి వద్ద సంధ్యావందనమూ రుద్రమూ నేర్చి, తరువాత ఇంజనీరింగు చదివి, అమెరికా వాయవ్యతీరంలోని ఓరెగాన్ రాష్ట్రంలో, హిల్స్‌బరో పట్టణంలో ఇరవై ఏళ్లుగా ఉద్యోగం చేసుకుంటున్న ఒక గృహస్థుకు నలభై ఆరో ఏట ఈ నియమం ధర్మసంకటమై ఎదురునిలిచింది. కారణం వింటే కొందరు నవ్వవచ్చు. ఆయనకు సర్ఫింగ్ మీద మనసు కలిగింది.

సర్ఫింగ్ అంటే, నిలువెత్తును మించిన పలక మీద బోర్లా పడుకొని, చేతులతో నీటిని తోసుకుంటూ లోనికి పోయి, వెనుక నుంచి వచ్చే అల పలకను ఎత్తుకోగానే లేచి నిలబడి, ఆ అలతోపాటు ఒడ్డుకు జారిరావడం. వర్ణనకు సులభం. లేచి నిలబడడం అనే ఆ ఒక్క క్షణానికి నెలలు పడుతుంది. కేవల క్రీడయే అయితే దానికి శాస్త్రవిచారం అక్కరలేదు. ఆ గృహస్థు విషయంలో అది క్రీడగా మొదలు కాలేదు.

2020 వైశాఖంలో ఆయన తండ్రి స్వగ్రామంలో పరమపదించారు. మార్చి ఆఖరు నుంచే భారతదేశానికి అంతర్జాతీయ ప్రయాణిక విమానాలు నిలిచిపోయాయి. జ్యేష్ఠపుత్రుడు పన్నెండువేల కిలోమీటర్ల దూరాన ఫోను పట్టుకొని కూర్చున్నాడు. తమ్ముడు చితికి నిప్పు పెట్టాడు, దశాహకర్మలు నడిపాడు, అస్థికలను అంతర్వేది సంగమంలో కలిపాడు. జ్యేష్ఠుడు దేశాంతరంలో చిక్కుబడినపుడు అతని అనుమతితో కనిష్ఠుడు కర్మ చేయడం శాస్త్రసమ్మతమే. వార్త విన్న క్షణం నుంచి ఆయన ఆశౌచమూ పాటించాడు. దోషమేమీ లేదని పురోహితులందరూ చెప్పారు. దోషం లేకపోవడం వేరు, శాంతి కలగడం వేరు. తండ్రి నీటిలో కలిసే వేళ తన చేయి ఆ నీటిని తాకలేదన్నది ఆయనను విడిచిపెట్టలేదు.

హిల్స్‌బరో నుంచి పడమరగా కొండలు దాటి గంటన్నరకు పైగా పోతే మాంజనీటా అనే చిన్న ఊరు వస్తుంది. దాని ముందు ఏడు మైళ్ల ఇసుకతీరం. ఉత్తరాన నీఅకాహ్‌నీ పర్వతం సముద్రంలోకి దిగుతున్నట్టు నిలబడి ఉంటుంది. దక్షిణాన నెహేలెమ్ నది సాగరంలో కలుస్తుంది. తిల్లమూక్ ఆదిమజనుల భాషలో ఆ పర్వతనామానికి దైవస్థానమని అర్థం చెప్పేవారున్నారు. ఓరెగాన్ సముద్రతీరమంతా ప్రజలదేనని 1967లో శాసనం చేసిన కారణంగా అక్కడికి పోవడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు. ఆ గృహస్థు మొదట్లో వారాంతాల్లో పోయి ఊరక కూర్చుని వచ్చేవాడు. నది కలిసే చోటు కనుక అంతర్వేది గుర్తుకు వచ్చేదట.

అక్కడ సర్ఫింగ్ చేసేవారు పదిమంది కూడా ఉండరు. పద్నాలుగేళ్ల కుమార్తె ముందు నేర్చుకుంది. ఒకనాడు తడిసిన జుట్టుతో వచ్చి, "నాన్నా, ఊరికే చూస్తూ కూర్చుంటావేం? నువ్వూ రా" అంది. ఆయన వెళ్లాడు.

ఆ నీరు చల్లనిది. అది బంగాళాఖాతం వంటి సముద్రం కాదు. సంవత్సరం పొడవునా ఎనిమిది నుంచి పద్నాలుగు డిగ్రీల సెల్సియస్ మధ్యనే ఉంటుంది. వింత ఏమిటంటే మండువేసవిలో ఒక్కొక్కప్పుడు శీతకాలం కంటే చల్లగా ఉంటుంది. వేసవిలో ఉత్తరపు గాలులు తీరం వెంట వీచినపుడు, భూభ్రమణ ప్రభావంతో పైనీరు తీరం నుంచి దూరంగా తొలగిపోతుంది. ఆ లోటు పూరించడానికి అడుగున ఉన్న శీతలజలం పైకి వస్తుంది. అందుచేత నల్లని రబ్బరు కవచం వంటి వెట్‌సూట్ లేక అక్కడ ఎవరూ దిగరు. ఆ దుస్తు నీటిని పూర్తిగా ఆపదు. పలుచని నీటిపొరను లోనికి రానిచ్చి నిలిపి ఉంచుతుంది; దేహం దానిని వేడిచేస్తుంది. ఆ రబ్బరులోని సన్నని గాలిబుడగలు వేడిని బయటికి పోనివ్వవు. 1950ల తొలినాళ్లలో కాలిఫోర్నియాలో హ్యూ బ్రాడ్నర్ అనే భౌతికశాస్త్రవేత్త కనుగొన్న ఉపాయమిది.

ముఖానికి మాత్రం ఏ కవచమూ లేదు. మొదటి అల ముఖాన కొట్టగానే ఆయనకు ఊపిరి ఆగలేదు సరికదా, అదుపు లేకుండా ఎగశ్వాసలై వచ్చింది. చన్నీరు ఒక్కసారిగా తగిలితే శరీరం చేసే పని అదే. ఒకటి రెండు నిమిషాల్లో తగ్గుతుంది. ముప్పై ఎనిమిదేళ్లుగా త్రికాలాల్లో ప్రాణాయామం చేసినవాడు ఆ రెండు నిమిషాల్లో ఒక్క ప్రణవాన్ని కూడా పూర్తిగా అనలేకపోయాడు. ఈ సంగతి ఆయన దాచుకోలేదు. అభ్యాసం అనుకూలమైన పీట మీద సిద్ధించినంత మాత్రాన సిద్ధించినట్టు కాదని తెలియడం సాధకుడికి నష్టం కాదు. తరువాత నేర్చుకున్నది ఇంతే: పూరకాన్ని గూర్చి తొందరపడక, ముందు రేచకాన్ని నిదానంగా విడవాలి.

సంగతి విన్న తల్లి ఫోనులో చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నది: "ఒరే అబ్బాయీ, పర్వం కాని నాడు సముద్రం ముట్టుకోకూడదురా. పైగా మీ నాన్నగారు కలిసిన సముద్రం. దాని మీద పలక వేసుకొని తొక్కుతావా?"

ఆయన వద్ద సమాధానాలు లేకపోలేదు. అది బంగాళాఖాతం కాదు, పసిఫిక్ అనవచ్చు. తల్లి ఒప్పుకునేది కాదు. సముద్రాలకు పేర్లే వేరు గాని నీరు ఒకటేనని ఆమెకు భూగోళశాస్త్రం చదవకుండానే తెలుసు. మ్లేచ్ఛదేశంలో ఈ నియమాలేమిటని అనవచ్చు. అలా అనేవారు ఆ దేశంలో సంపాదించిన ధనాన్ని మాత్రం మ్లేచ్ఛమనరు. ఆయన ఇవేవీ అనలేదు. "అయితే పర్వదినాల్లోనే వెళ్తానమ్మా" అన్నాడు. "స్నానం చేసి, నమస్కారం పెట్టుకొని, తరువాతే" అన్నది ఆమె.

ఆ మాట ఇచ్చేటపుడు ఆయనకు ఒక విషయం తెలియదు. ఇసుకతీరంలో అలలు విరిగే తీరు నీటిలోతును బట్టి ఉంటుంది. అల ఎత్తు అక్కడి లోతులో సుమారు ముప్పాతిక వంతును మించగానే అది విరుగుతుంది. రాతి అడుగున్న చోట అలలు ఎప్పుడూ ఒకే స్థలంలో విరుగుతాయి. ఇసుక మాత్రం ప్రతి తుఫానుకూ కదులుతుంది, నిన్నటి మేట నేడు ఉండదు. దీనికి తోడు పోటు, ఆటు. అష్టమి ప్రాంతంలో సూర్యచంద్రుల ఆకర్షణలు ఒకదానికొకటి అడ్డుపడి నీటిమట్టం పెద్దగా మారదు. సర్ఫింగ్‌కు గంటల తరబడి అనువుగా ఉంటుంది. అమావాస్య, పౌర్ణములకు రెండు ఆకర్షణలూ ఒకే రేఖలో కూడి, పోటుకూ ఆటుకూ మధ్య భేదం ఆ తీరంలో మూడు మీటర్ల దాకా పోతుంది. నిండుపోటులో అలలు విరగక బరువుగా ఉబ్బి ఒడ్డున ధభేలున పడతాయి. నిండు ఆటులో గోడ కూలినట్టు ఒక్కసారిగా కూలుతాయి. మధ్యలో గంటో గంటన్నరో దక్కుతుంది. తల్లి అనుమతించిన దినాలు సరిగ్గా ఆ క్రీడకు మిక్కిలి ప్రతికూలమైన దినాలు!

పైగా పర్వదినం శని, ఆదివారాల్లో రావాలి. ఏడాదికి ఇరవైనాలుగో ఇరవైఅయిదో పర్వాలు ఉంటే, వాటిలో వారాంతాల్లో పడేవి సుమారు ఏడు. తిథిని స్థానికకాలానికి గణించుకోవాలి. అంతర్వేదిలో ఆదివారం ఉదయం ఉన్న అమావాస్య హిల్స్‌బరోలో శనివారం సాయంత్రానిది. ఆ ఏడింటిలో తుఫానో పెనుగాలో ఉన్నవి పోగా నాలుగు మిగిలితే గొప్ప. నిత్యం వెళ్లేవారు ఒక ఋతువులో నేర్చుకునేది ఆయనకు రెండేళ్లు పట్టింది. కూతురు జాలిపడింది. ఆయన మాత్రం ఇరవై ఏళ్ల తరువాత మళ్లీ పంచాంగం చూడడం మొదలుపెట్టాడు. చంద్రుడు ఎంత పెరిగాడో ఆఫీసు నుంచి వచ్చేటపుడు తలెత్తి చూసేవాడు.

మధ్యలోని ఆ గంట కోసం ఇసుకలో కూర్చుని నిరీక్షించే వేళల్లో ఆయనకు ఒక ఊహ ఉండేది: ఈ అలలు ఎక్కడి నుంచో ఏదో తెస్తున్నాయి, తండ్రి కలిసిన నీరు ఎన్నేళ్లకైనా ఈ తీరానికి వస్తుందని. తరంగశాస్త్రం చదివిన తరువాత ఆ ఊహ నిలువలేదు. వాల్టర్ మంక్ అనే సముద్రశాస్త్రవేత్త 1963లో న్యూజిలాండ్ నుంచి అలాస్కా వరకు పరికరాలు నెలకొల్పి, దక్షిణధ్రువ సమీపంలోని తుఫానుల్లో పుట్టిన తరంగాలు పసిఫిక్ మహాసముద్రమంతా దాటి పదివేల కిలోమీటర్లకు పైగా ప్రయాణిస్తాయని చూపాడు. మాంజనీటాకు శీతకాలంలో వచ్చే అలలు అలాస్కా సింధుశాఖ తుఫానులవి. రెండు తరంగాల నడుమ పద్నాలుగు సెకన్ల వ్యవధి ఉంటే ఆ తరంగసమూహం గంటకు సుమారు 40 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. కాని ప్రయాణించేది నీరు కాదు. అల దాటేటపుడు ప్రతి జలకణమూ ఒక వలయంగా తిరిగి దాదాపు ఉన్నచోటికే చేరుతుంది. నడిచివచ్చేది రూపమూ శక్తీ మాత్రమే. ఎన్ని అలలు వచ్చినా అవి అంతర్వేది నుంచి చుక్కనీరు తేవు.

ఆయన ఆనాడు వెట్‌సూట్ వేసుకోకుండానే ఇంటికి తిరిగివచ్చాడట.

ఇక్కడ వేదాంత పాఠకులకు ఒక ప్రశ్న కలగవచ్చు. తరంగం జలమే, జలానికి అన్యం కాదు అని కదా అద్వైత దృష్టాంతం. శాస్త్రజ్ఞుడు తరంగం వేరు, జలం వేరు, ఒకటి పోతుంది, ఒకటి నిలుస్తుంది అంటే దృష్టాంతం చెడిందా? చెడలేదు. దృష్టాంతం ఏకదేశంలోనే గ్రాహ్యం. ముఖం చంద్రునివలె ఉన్నదంటే ముఖానికి కళంకం వెతకరాదు. జలాన్ని విడిచి తరంగానికి ప్రత్యేకసత్త లేదన్నంత వరకే అక్కడ వివక్షితం. నిజానికి పరిశీలిస్తే మంక్ లెక్కలు ఆ అర్థాన్నే బలపరుస్తాయి. "ఇది అలాస్కా అల" అని వేలెత్తి చూపేది నామరూపాలను. మాంజనీటాలో ఆ నామరూపాలకు ఆశ్రయమైన నీరు ఆ తీరంలో ఉన్న నీరే. ఎక్కడి అలకైనా ఆధారమయ్యే జలం ఎప్పుడూ అక్కడే ఉంటుంది, తేవలసిన పని లేదు.

పితృతర్పణం విషయంలోనైనా, అది ఫలానా నీటిచుక్క ఫలానా చోటికి చేరడం వల్ల అందేది కాదు. నామగోత్రాలు ఉచ్చరించి శ్రద్ధతో విడిచిన తిలోదకం, పితృదేవతలు ఏ రూపంలో ఉన్నా ఆ రూపానికి తగినట్టు అందుతుందని సంప్రదాయం. ఈ మాట ఆయనకు కొత్తది కాదు. తండ్రి వద్ద చిన్ననాడే విన్నది. వినడమూ, చలినీటి ఒడ్డున ఒంటరిగా నిలిచినపుడు స్మరణకు రావడమూ ఒకటి కాదు.

2023లో మహాలయ అమావాస్య అక్టోబరు 14, శనివారం నాడు వచ్చింది. ఆ ఉదయమే అమెరికాలో సూర్యగ్రహణం. భారతదేశంలో కనబడదు కనుక అక్కడ నియమమేమీ లేదు, ఓరెగాన్‌లో ఉన్నది. వలయగ్రహణ మార్గం ఆ రాష్ట్రతీరం వద్దనే దేశంలో ప్రవేశించింది. మాంజనీటా దానికి కొంచెం ఉత్తరాన ఉండడం వల్ల అక్కడ పాక్షికం, అయినా బింబంలో అధికభాగం కప్పబడింది. ఎనిమిది దాటగానే స్పర్శకాలం. ఆయన ఉపవాసంతో, తలకున్న రబ్బరు ముసుగు తీసి, మూడు మునకలు వేశాడు. శిరస్సు తడవనిదే స్నానం కాదు గదా. ఒడ్డున దర్భలతో, నువ్వులతో తండ్రికి, తాతకు, ముత్తాతకు తర్పణం విడిచాడు. వెలుతురు మసకబారి, మంచు పట్టిన అద్దంలోంచి చూసినట్టుగా ఇసుక బూడిదరంగుకు తిరిగింది. గాయత్రి జపిస్తూ కూర్చున్నాడు. ఈసారి శ్వాస తడబడలేదు.

పదిన్నర దాటాక మోక్షకాలమైంది. నీరు ఆటు నుంచి పోటుకు పెరుగుతూ సగం దాకా వచ్చింది. ఆయనకు కావలసిన గంట అదే. మోక్షస్నానం చేసి, ఒడ్డుకు నమస్కరించి, పలక తీసుకొని కూతురి వెంట లోనికి పోయాడు. పడ్డాడు. మళ్లీ పడ్డాడు. పడిన ప్రతిసారీ నీరు తల మీదుగా పోయింది. ముక్కులోంచి ఉప్పునీరు కారుతూనే ఉంది. చివరకు ఒక చిన్న అల, అప్పటికే విరిగి నురుగైనది, పలకను ఎత్తుకున్నది. ఆయన లేచాడు. మోకాళ్లు వణుకుతుండగా, నీటికి పైన, ఒడ్డున తర్పణం చేసిన చోటు వైపే నిలబడి వచ్చాడు.

కారులో కూర్చుని, వేళ్లకు స్పర్శ తిరిగివచ్చిన తరువాత తల్లికి ఫోను చేశాడు. కోనసీమలో అప్పటికి అర్ధరాత్రి దాటింది. ఆమె నిద్రపోలేదు.

"తర్పణం అయిందా?"

"అయిందమ్మా."

"మోక్షస్నానం?"

"అయింది."

"ఎన్ని మునకలు వేశావు?"

ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు. "మోక్షస్నానానికి మూడమ్మా. తరువాత ఇంకో పదకొండు."

"మూడు చాలురా అబ్బాయీ" అన్నది తల్లి. "తల తుడుచుకో ముందు."