బార్కసు

చార్మినారును చూడవచ్చినవారు సాధారణముగా ఉత్తరపు దిక్కునకే మరలుదురు. పత్తర్‌గట్టి అంగళ్లు, మదీనా కూడలి, మూసీనది వంతెనలు ఆ దిక్కుననే యున్నవి. షాఅలీబండ, అలియాబాదు, ఫలక్‌నుమాల మీదుగా దక్షిణమునకు పోవు బాటను పట్టువారు తక్కువ. ఆ బాటను ఆరేడు కిలోమీటర్లు పోయినచో, చాంద్రాయణగుట్ట చెంత ఒక పేట కనబడును. దాని పేరు బార్కసు.

ఈ పేరు తెలుగు కాదు, ఉర్దూ కాదు, అరబ్బీయు కాదు. సిపాయిలు నివసించు వసతిగృహముల వరుసలను ఆంగ్లమున బ్యారక్సు అందురు. జనుల నోట నలిగి నలిగి ఆ మాటయే బార్కసు అయినది. నిజాము ప్రభువుల కాలమున ఇది సిపాయిలు విడిసిన తావు. నేడు అచ్చట నాటి కవాతు లేదు, నాటి కాపలా లేదు. పేరు మిగిలినది, ఆ సిపాయిల మనుమలు, మునిమనుమలు మిగిలిరి.

వారి పూర్వులు అరేబియా దక్షిణభాగమందలి హద్రమౌతు సీమ నుండి వచ్చిరి. నేడది యెమెన్ దేశములోనిది. అచ్చట ఎండలు మెండు, వానలు మిక్కిలి తక్కువ. లోయలలో ఖర్జూరపు తోటలున్నను, పుట్టిన బిడ్డలందరికిని ఆ నేల కూడు పెట్టజాలదు. అందుచే అచ్చటి యువకులు తరతరములుగా ఓడలెక్కి దూరదేశములకు పోవుచుండిరి. కొందరు జావాకు, కొందరు తూర్పు ఆఫ్రికాకు పోయిరి. కొందరు హైదరాబాదు చేరిరి. 19వ శతాబ్దమున నిజాము రాజ్యమునందు అరబ్బు సిపాయిలకు మంచి గిరాకి యుండెను. జమేదారు అను నాయకుని క్రింద ఒక్కొక్క జట్టు ఉండెడిది. కోటలకును, ప్రభువుల దేవిడీలకును వారు కావలి కాచెడివారు.

కత్తి పట్టిన చేతికి ధనమును చేరెను. జమేదారులు గొప్పవారికి అప్పులిచ్చి, ఆ బాకీల క్రింద గ్రామముల రాబడిని తామే వసూలు చేసికొనసాగిరి. 1853లో దివాను పదవికి వచ్చిన మొదటి సాలార్‌జంగు వారి బలమును క్రమముగా అదుపులోనికి తెచ్చెను. ఉమర్ బిన్ అవద్ అల్ కుఐతీ అను జమేదారు ఇచ్చట గొప్ప ధనము గడించెను. ఆ బలముతో అతని కుమారులు హద్రమౌతున ఒక రాజ్యమునే నెలకొల్పిరి. అది 1967 వరకు నిలిచెను. సామాన్య సిపాయి కథ వేరు. అతడు ఇచ్చటి స్త్రీని పెండ్లాడి, ఇచ్చటి మాట నేర్చి, ఇచ్చటి మట్టిలోనే కలిసెను.

1948 సెప్టెంబరు 13వ తేదీన భారత సైన్యము హైదరాబాదు సంస్థానమున ప్రవేశించెను. ఐదు దినములలో నిజాము సేన లొంగిపోయెను. అంతటితో అరబ్బు సిపాయి కొలువు ముగిసెను. తాతతండ్రుల నుండి తెలిసిన పని ఒక్కటే, అదియు పోయెను. అరబ్బులలో అనేకులను నిర్బంధించిరి. పలువురిని సముద్రము దాటించి పంపివేసిరి. కాని వారిలో ఇచ్చటనే పుట్టి, హద్రమౌతును కన్నులతో చూడనివారును కలరు. స్వదేశమనగా పూర్వులు విడిచి వచ్చిన చోటా, తాను పుట్టి పెరిగిన చోటా? ఈ ప్రశ్న ఒక్కొక్క యింటి గుమ్మము ముందు నిలిచెను.

ఇచ్చట మిగిలినవారు తమ బ్రతుకుతోనే దానికి సమాధానము చెప్పిరి. పండ్లమ్మిరి, దుకాణములు పెట్టిరి, దొరికిన పని చేసిరి. 1970 తరువాత పలువురు గల్ఫ్ దేశములకు పనికి పోయిరి. తాతలు ఏ సముద్రము దాటి కూటికొరకు వచ్చిరో, మనుమలు ఆ సముద్రమునే దాటి కూటికొరకు పోయిరి. అచ్చట గడించిన సొమ్ముతో వారు ఇండ్లు కట్టుకొన్నది మాత్రము బార్కసులోనే.

నేడు ఉదయమున బార్కసునకు పోయినవానికి గోధుమలు, మాంసము కలిపి ఉడికించిన హరీసు వాసన ఎదురువచ్చును. గళ్లలుంగీలు కట్టిన పెద్దలు వీథులలో కనబడుదురు. బార్కసు జామపండ్లకు నగరమంతటను పేరు కలదు. అరబ్బులును, ఆఫ్రికా సిపాయిలును తెచ్చిన మర్ఫా వాద్యము హైదరాబాదు పెండ్లి ఊరేగింపులలో నేటికిని మ్రోగుచున్నది.

దండు నుండి పుట్టిన ఊరు ఇదియొక్కటే కాదు. హుస్సేనుసాగరమునకు ఉత్తరమున ఆంగ్లేయుల దండు విడిసిన చోటికి 1806లో సికిందరుజా పేర సికిందరాబాదు అను పేరు వచ్చెను. సైన్యమును లష్కరు అందురు గనుక జనులు దానిని నేటికిని లష్కరనియే పిలుతురు. 1813లో కలరా వ్యాపించినపుడు, దండుతో ఉజ్జయిని పోయిన సురిటి అప్పయ్య అచ్చటి మహంకాళికి మ్రొక్కుకొని, 1815లో తిరిగివచ్చి ఇచ్చట అమ్మవారిని ప్రతిష్ఠించెనని చెప్పుదురు. లష్కరు బోనాలు ఆ గుడివే. లష్కరులో భారత సైన్యము నేటికిని ఉన్నది. బార్కసు నుండి దండు వెడలిపోయెను. కాని దానికి అనతిదూరమున, కంచన్‌బాగులో, దేశరక్షణకు కావలసిన క్షిపణులను రూపొందించు పరిశోధనాలయము వెలసినది. 1982లో అబ్దుల్ కలాం దానికి సంచాలకుడయ్యెను.

ఈ నగరమునకు క్రొత్తగా వచ్చినవాడు చార్మినారును చూచిన పిమ్మట ఒక పూట దక్షిణపు బాటను పట్టుట మేలు. బార్కసులో అతనికి చూపుటకు కోటలు లేవు, బురుజులు లేవు. అచ్చటివారు ఒకనాడు తనవలెనే క్రొత్తవారై వచ్చిరని మాత్రము అతనికి తెలియును. వారిని ఏ దేశస్థులని అతడు అడుగ నక్కరలేదు. ఆ ప్రశ్నకు వారు డెబ్బదియేండ్ల క్రిందటనే సమాధానము చెప్పియున్నారు.