రెండో స్విచ్చి

మా ఇంట్లో కంప్యూటరు నీళ్ళు తాగుతుంది. ఈ మాట పక్కింటావిడతో అంటే ఆవిడ నా వంక జాలిగా చూసి, "ఎండలు మరీ ముదిరిపోయాయి లెండి" అంది. ఆవిడ తప్పేం లేదు. మా అబ్బాయి మొదటిసారి "అమ్మా, కంప్యూటరుకి నీళ్ళు పెడుతున్నాను" అన్నప్పుడు, తులసికుండీలో పోయబోతున్న చెంబు చేత్తో పట్టుకుని నేనూ అలాగే నిలబడిపోయాను. నీళ్ళూ కరెంటూ ఒకచోట చేరకూడదని చిన్నప్పట్నించీ వింటూ పెరిగినదాన్నాయె.

మాది విజయవాడ. రోహిణీ కార్తెకి రోళ్ళు పగులుతాయన్న మహానుభావుడు బహుశా మా వూళ్ళోనే వుండి ఆ మాట అని వుంటాడు. మావాడు ఇంజనీరింగు చదువుకుంటూ, తీరిక దొరికినప్పుడల్లా పెళ్ళి వీడియోలు కూర్చి ఇచ్చి నాలుగు డబ్బులు సంపాదించుకుంటాడు. ఆ పనిలో వున్నప్పుడు వాడి మిషను నాలుగువందల వాట్ల దాకా కరెంటు లాగుతుందిట. లాగినదంతా ఆఖరికి వేడిగా బయటికి రావలసిందేనట. అంటే మే నెలలో తలుపులేసుకుని గదిలో హీటరు వెలిగించుకున్నట్టే కదా! పైగా లోపలి ఫాన్ల హోరుకి నా నవలలో నాయిక ఏడుపు నాకే వినపడేది కాదు. వాడు కాలేజీకి వెళ్ళాక ఆ మిషను మీదే నేను నా సీరియల్ టైపు చేసుకుంటాను మరి.

అందుకని వాడొక ఏర్పాటు చేశాడు. వేడెక్కే చిప్పు నెత్తిన ఒక రాగిదిమ్మ పెట్టాడు. దాని లోపల సన్నని దారులుంటాయి. అందులోంచి నీళ్ళు పారి, వేడిని మోసుకుని, గొట్టాల వెంట కిటికీ దాటి బాల్కనీలోకి వెళతాయి. అక్కడ కారుకుండే లాంటి రేడియేటరూ, దానికి నాలుగు ఫాన్లూ, ఒక బుల్లి పంపూ, ఒక నీళ్ళడబ్బా. చల్లబడ్డ నీళ్ళు మళ్ళీ వెనక్కి వస్తాయి. వేడంతా బాల్కనీలోనే వదిలేసి వస్తాయి కాబట్టి గది వుడకదు.

"ఇదేం కొత్త కాదమ్మా. 1985లో అమెరికాలో వచ్చిన క్రే-2 అనే సూపర్ కంప్యూటరు, కరెంటు పారనివ్వని ఒక ద్రవంలో ఏకంగా మునిగే వుండేది" అన్నాడు.

నాకు మాత్రం తల్లి మనసు. "పోనీ, కాసిని ఐసుముక్కలు వెయ్యనట్రా?" అన్నాను. వాడు నెత్తి పట్టుకున్నాడు. నీళ్ళు మరీ చల్లనైతే, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి చెమట పట్టినట్టు ఆ రాగిదిమ్మకీ పడుతుందిట. ఆ చెమట బొట్టు కింద పడిందా, మిషను గోవిందా! మరి కూజాలో నీళ్ళు బయటి గాలికంటే చల్లగా వుంటాయి కదా అంటే, కూజా చెమరుస్తుంది, ఆ చెమ్మ ఆరుతూ చల్లబరుస్తుంది, మూసేసిన గొట్టాల్లో ఆరడమనేది లేదు, కాబట్టి ఇవి బయటి గాలికంటే ఒక్క డిగ్రీ కూడా దిగవు అన్నాడు. పోసే నీళ్ళు కూడా కుళాయివి పనికిరావు, ఇన్వర్టరు బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటరే కావాలి. కుళాయి నీళ్ళు ఆ సన్నని దారుల్లో ఉప్పుపొక్కు కట్టేస్తాయిట.

అంతా బాగానే వుంది గానీ, బాల్కనీలోని ఈ సరంజామాకి కరెంటెక్కడిది? పంపుకి ఇరవై వాట్లు, నాలుగు ఫాన్లకీ కలిపి పది. మన పాతకాలపు నలభై వాట్ల బల్బుకంటే తక్కువే. కంప్యూటరులోంచే ఇవ్వొచ్చు. కానీ మొదటిసారి నీళ్ళు పోశాక, మిషను ఆపి వుంచి, ఒక రాత్రీ పగలూ పంపు ఒక్కటే తిప్పి, ఎక్కడైనా కారుతోందేమో చూసుకోవాలిట. అందుకని దీనికి వేరే కరెంటు పెడతానన్నాడు.

అటక మీదున్న పాత కంప్యూటరులోంచి కరెంటు డబ్బా వూడదీశాడు. అది ప్లగ్గు పెట్టినంత మాత్రాన పనిచెయ్యదు. కంప్యూటరు పిలవాలి, అప్పుడు పలుకుతుంది. ఆ పిలుపు వచ్చేది ఆకుపచ్చ తీగలోంచి. ఆకుపచ్చ తీగనీ ఒక నల్ల తీగనీ చిన్న వైరుముక్కతో కలిపేస్తే, ఎవరో పిలిచారనుకుని అది లేచి కూర్చుంటుంది. డబ్బా మూత మాత్రం ఎవరూ విప్పకూడదు. ప్లగ్గు పీకేసినా లోపల షాక్ కొట్టేంత కరెంటు నిలవ వుంటుందిట.

ఆ రాత్రి కింద పాత పేపర్లు పరిచి, పసిపిల్లని చూసుకున్నట్టు గంటగంటకీ లేచి చూశాం. చుక్క కారలేదు.

అలా మా ఇంట్లో రెండు స్విచ్చిలు వెలిశాయి. ముందు బాల్కనీది వెయ్యాలి, తరవాతే కంప్యూటరుది. తిరగబడిందా, పొయ్యి వెలుగుతుంది గానీ పొంగు దింపే దిక్కుండదు. మావాడు పెద్ద అక్షరాలతో కాగితం రాసి గోడకి అంటించాడు కూడా.

ఇరవై రోజులు నేను తప్పలేదు. ఇరవై ఒకటో రోజు పొద్దున్న వాడు వెళుతూ, "అమ్మా, పదింటికి మిషను వేసి నా వీడియో పని మొదలుపెట్టవూ?" అన్నాడు. సరిగ్గా పదింటికి గ్యాసు బండ వచ్చింది. పొయ్యి మీద కుక్కరు మూడో కూత వేస్తోంది. అత్తయ్యగారు "అమ్మాయ్, నా బీపీ మాత్ర ఇచ్చావా?" అంటున్నారు. బండ దింపించుకుని, కుక్కరు దించి, మాత్ర ఇచ్చి, పరుగున వచ్చి మిషను వేశాను. వాడి పని మొదలుపెట్టి, నా సీరియల్ తెరిచి కూర్చున్నాను. బాల్కనీ గుర్తు రాలేదు.

పేజీన్నర అయింది. అక్షరాలు నత్తల్లా పడటం మొదలెట్టాయి. ఆ తరవాత తెర నల్లబడిపోయింది.

అప్పుడు చూశాను గోడ మీది కాగితం. కాళ్ళలో వణుకు పుట్టింది. వాడి ఏడాది సంపాదన అది. ఫోన్ చేసి, ఏడుపు గొంతుతో సంగతి చెప్పాను.

"నీకేం షాక్ కొట్టలేదు కదా?" అన్నాడు ముందు. తరవాత, "ఏం కాదులే. నూరు డిగ్రీల దగ్గర పడితే చిప్పు ముందు నెమ్మదిస్తుంది, అప్పటికీ తగ్గకపోతే ప్రాణం కాపాడుకోవడానికి తనే ఆరిపోతుంది. ఏమీ ముట్టుకోకు" అన్నాడు.

సాయంత్రం వాడొచ్చి వేస్తే మిషను నిక్షేపంలా వచ్చింది. సేవ్ చేసుకోని నా పేజీన్నర మాత్రం రాలేదు. మావారు పేపరు మడిచి, "ఒక్క స్విచ్చి గుర్తుండదుటోయ్ నీకు?" అన్నారు. నేను తల దించుకున్నాను.

"తప్పు అమ్మది కాదు నాన్నా, నాది. ఎవరికో ఒకరికి గుర్తుంటేనే నడిచేది ఏర్పాటు కాదు" అన్నాడు మావాడు.

మర్నాడు రిలే అని అగ్గిపెట్టెకంటే చిన్నది ఒకటి తెచ్చాడు. కంప్యూటరులో కరెంటు పుట్టగానే దాని లోపలి చుట్ట అయస్కాంతమై, ఒక రేకుని టక్కున లాగుతుంది. ఆ రేకు ఆ ఆకుపచ్చ తీగనీ నల్ల తీగనీ కలిపేస్తుంది. పంపు తిరుగుతుంది. గుర్తుంచుకునే పని మనిషిది కాదు, రేకుది. అదీ చాలదని రెండు ప్లగ్గుల్నీ ఒకే యూపీఎస్‌కి పెట్టాడు. లేకపోతే కరెంటు పోయినప్పుడు కంప్యూటరు నడుస్తూనే వుంటుంది, పంపు ఆగిపోతుంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాడన్న మాట చెవిలో అలాగే వుంది. ఈ ఇంటికొచ్చి ఇరవైరెండేళ్ళు. పాలవాడి లెక్క, గ్యాసు, కరెంటు బిల్లు, అత్తయ్యగారి మాత్రలు, మావారి కళ్ళజోడు, చివరికి ఆడబిడ్డగారి పెళ్ళిరోజుతో సహా నాకు గుర్తుంటేనే నడుస్తున్నాయి. ఇంట్లో అందరికీ మొదటి స్విచ్చి వెయ్యడమే తెలుసు. రెండోది నేను.

కిందటేడు మా నాన్నగారి ఆబ్దికానికి నాలుగు రోజులు పుట్టింటికెళ్ళాను. రెండు రోజులు మాత్ర పడక అత్తయ్యగారు కళ్ళు తిరిగి గుమ్మం దగ్గర కూలబడ్డారు. దెబ్బ తగల్లేదు, దేవుడి దయ. నేను తిరిగొచ్చి ఆవిడ చేతులు పట్టుకుని క్షమించమన్నాను. మావారూ పక్కనే వున్నారు. తప్పు ఏర్పాటుదని అప్పుడు ఆయనకీ తోచలేదు, నాకూ తోచలేదు.

పొద్దున్నే కాఫీ కలిపేముందు మాత్రల డబ్బా తీసుకెళ్ళి మావారి కాఫీ గ్లాసులో పెట్టాను. ఈ జన్మలో ఆయన మరచిపోనిది కాఫీ ఒక్కటే.

"ఇదేమిటి?" అన్నారు.

"రిలే అండీ. అత్తయ్యగారికి మాత్ర పడితేగానీ గ్లాసు ఖాళీ అవదు, ఖాళీ అయితేగానీ కాఫీ పడదు."

మావాడు పొలమారేటట్టు నవ్వాడు. మావారు నవ్వలేదు. కాస్సేపు ఆ డబ్బా వంక చూసి, "ఏది ఎప్పుడు వెయ్యాలో రాసివ్వు" అన్నారు. ఇరవైరెండేళ్ళలో ఆయన నన్నది అడగడం అదే మొదలు.

ఇప్పుడు రోజూ ఆరున్నరకి, "అమ్మకి మాత్ర ఇచ్చేశానోయ్, కాఫీ ఏదీ?" అని కేక వినిపిస్తుంది. అత్తయ్యగారు కూడా, కొడుకు చేత్తో ఇచ్చిన మాత్ర బాగా పనిచేస్తోందంటున్నారు.

అన్నట్టు, పోయిన పేజీన్నర మళ్ళీ రాసుకున్నాను. మొదటిదానికంటే బాగానే వచ్చింది. ఆ మాట మాత్రం మావాడికి చెప్పలేదు.