మయామి హరికేన్ కేంద్రంలో హామ్‌ల గది

అమెరికా జాతీయ హరికేన్ కేంద్రం మయామిలో, ఫ్లోరిడా ఇంటర్నేషనల్ యూనివర్సిటీ ఆవరణలో ఉంది. అంతకుముందు దగ్గర్లోని కోరల్ గేబుల్స్‌లో ఉండేది. 1992 ఆగస్టులో ఆండ్రూ హరికేన్ ఆ భవనం పైనున్న రాడార్‌నే ఊడబెరికింది. అందుకే కొత్త భవనాన్ని మందపాటి కాంక్రీటు గోడలతో కోటలా కట్టారు. వాతావరణ నిపుణులు పనిచేసే ఆ చోటే జీతం భత్యం లేని హామ్‌లకూ, అంటే సరదా కోసం లైసెన్సుతో రేడియో నడిపే వాళ్లకూ, ఒక స్టేషన్ ఉంది. 1980 నుంచి నడుస్తున్న ఈ స్టేషన్ ఇప్పటి కాల్ సైన్ డబ్ల్యూ ఎక్స్ ఫోర్ ఎన్ హెచ్ సి.

తుఫాను లేని రోజు వెళితే అక్కడ చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు: రేడియో సెట్లు, మైకులు, హెడ్‌ఫోన్లు, కంప్యూటర్లు. హరికేన్ తీరానికి చేరువైతేనే దాని అవసరం తెలుస్తుంది. ఉపగ్రహం మేఘాలను పైనుంచి చూస్తుంది. పరిశోధక విమానం సాధారణంగా మూడు కిలోమీటర్ల ఎత్తున హరికేన్ నడిమి కంటిని దాటుకుంటూ పోతుంది. రాడార్ కిరణమూ దూరం వెళ్లేకొద్దీ పైకి లేస్తుంది. వంద కిలోమీటర్ల దగ్గర అది నేలకు దాదాపు కిలోమీటరున్నర ఎత్తున ఉంటుంది. ఇళ్ల కప్పుల మట్టంలో గాలి ఎలా ఉందో చెప్పాల్సింది అక్కడున్న మనిషే. కరెంటూ ఫోన్లూ పోయాక ఆ మాట బయటకు రావడానికి బ్యాటరీతో నడిచే హామ్ సెట్ మిగులుతుంది.

ఈ మాటలు ఎక్కువగా హరికేన్ వాచ్ నెట్ అనే హామ్‌ల బృందం ద్వారా వస్తాయి. 1965లో బెట్సీ హరికేన్ సమయంలో మొదలైన ఈ నెట్ పగలు 14.325 మెగాహెర్ట్జ్ మీద, రాత్రి 7.268 మీద నడుస్తుంది. సూర్యుడు అస్తమించాక పై బ్యాండ్ మూతపడటం, కింది బ్యాండ్ దూరాలకు అందడం మామూలే. నెట్‌ను నడిపే స్టేషన్, అంటే నెట్ కంట్రోల్, పిలిచేదాకా ఎవరూ నోరు విప్పరు. తుఫాను దారిలో ఉన్న స్టేషన్‌కే మొదటి మాట. కబుర్లకు చోటు లేదు.

రిపోర్టులో ఉండేవి కొన్నే: చోటు, సమయం, గాలి వేగం, ఈదురు గాలి వేగం, దిశ, బారోమీటర్ రీడింగు. వీటితో పాటు తప్పకుండా చెప్పాల్సింది ఇంకొకటి: అది కొలిచినదా, అంచనాయా? రేడియో నైపుణ్యం కన్నా ఈ నిజాయితీకే విలువ ఎక్కువ. చీకట్లో హోరుకు బెదిరిన మనిషి గాలిని ఉన్నదానికన్నా ఎక్కువగా చెప్పడం సహజం; అంచనా అని తెలిస్తే నిపుణుడు దాన్ని ఆ మేరకే తీసుకుంటాడు. గాలి దిశకూ అంతే ప్రాధాన్యం. ఉత్తరార్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడితే తుఫాను కేంద్రం ఎడమవైపు ఉంటుంది. ఒక దీవిలో గాలి ఒక్కసారిగా ఆగి, బారోమీటర్ అట్టడుగున ఉండి, తర్వాత ఎదురు దిక్కునుంచి విరుచుకుపడితే కన్ను ఆ ఊరి మీదుగానే పోయిందన్నమాట. ఇలాంటి రిపోర్టును స్టేషన్ వాళ్లు వెంటనే నిపుణుల చేతికి అందిస్తారు.

2017 సెప్టెంబరు 20న మరియా హరికేన్ ప్యూర్టోరికోను తాకినప్పుడు దీవంతా కరెంటు పోయింది, అక్కడి వాతావరణ రాడార్ ధ్వంసమైంది. ఆ తర్వాత రెడ్‌క్రాస్ కోరితే అమెరికా హామ్‌ల సంఘం ఇరవై ఇద్దరు ఆపరేటర్లను దీవికి పంపింది.

మన దగ్గర హామ్‌ల పేరు వినబడేది ఎక్కువగా విపత్తు వచ్చిపోయాకే. 2004 డిసెంబరు సునామీ నాటికి హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నారు. బయటి ప్రపంచానికి కబురందించింది ఆమె బృందమే. గాలిని కొలిచి ముందే చెప్పే అలవాటు మన తీరంలోనూ నాటుకోవాల్సి ఉంది. ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. ఒక బారోమీటర్, ఒక గాలిమాపకం, లైసెన్సు ఉన్న సెట్ చాలు.

మయామి స్టేషన్ వాళ్లు జూన్ 1న హరికేన్ కాలం మొదలయ్యే రోజుల్లో ఏటా ఒక శనివారం పరికరాలన్నీ పరీక్షించుకుంటారు. ఆ రోజు ఏ దేశపు హామ్ అయినా వాళ్లను పలకరించవచ్చు.