రోలున్న బండి

బ్యాంకాక్ వెళ్లొచ్చినవాళ్లను అక్కడి తిండి గురించి అడిగితే, ‘మాకేం ఇబ్బంది లేదండీ, టూర్ వాళ్లు రెండు పూటలా ఇండియన్ బఫే పెట్టారు’ అంటారు. వింటే ప్రాణం ఉసూరుమంటుంది. చీకటి పడేసరికి చైనాటౌన్‌లోని యావరాట్ రోడ్డు పొడవునా పొయ్యిలు వెలుగుతుంటే, వాటిని బస్సు అద్దంలోంచి చూసుకుంటూ పనీర్ కూర తినడానికి పోవడమేమిటి?

పాడ్ థాయ్ గురించి అందరూ చెప్తారు. 1940 ప్రాంతంలో ఫిబూన్ సోంగ్‌క్రామ్ ప్రభుత్వం దేశమంతటా ప్రచారం చేసిన వంటకం అది. బాగానే ఉంటుంది, తినండి. నేను మాత్రం మొదట రోలున్న బండి ఎక్కడుందా అని వెతుకుతాను.

సోమ్‌తమ్, అంటే పచ్చి బొప్పాయి సలాడ్, చేసే ఆ బండి దగ్గర నిలబడి చూడాలి. మట్టి రోలు, కర్ర రోకలి. ముందు వెల్లుల్లి, మిరపకాయలు పడతాయి. తర్వాత తాటిబెల్లం, బరబాటీలు, టమాటా, ఎండురొయ్యలు, వేరుశెనగ గుళ్లు, నిమ్మరసం, నామ్ ప్లా అనే చేపల రసం. సన్నగా తురిమిన పచ్చి బొప్పాయి చివర్లో. బండి నడిపే ఆవిడ ఒక చేత్తో రోకలి వేస్తూ, రెండో చేతిలోని గరిటెతో తిరగేస్తూ ఉంటుంది. బొప్పాయి నలగకూడదు, కమిలి రసం పీల్చుకోవాలి, అంతే. మిరపకాయలెన్నో వేళ్లతో చూపిస్తే చాలు, భాష అక్కర్లేదు. పక్కన బంక అన్నం, నిప్పులమీద కాల్చిన కోడి. ఈశాన్యాన ఉన్న ఈసాన్ నుంచి పొట్టకూటికి బ్యాంకాక్ వచ్చినవాళ్లు వెంట తెచ్చుకున్న భోజనమిది.

ఆ రోకలి చప్పుడు వింటే మా నాయనమ్మ బీరకాయ పచ్చడి గుర్తొస్తుంది. ఆవిడ కూడా వేయించిన పచ్చిమిర్చి, జీలకర్ర, చింతపండు, ఉప్పు ముందు నూరి, మగ్గిన బీరకాయ ముక్కలు ఆఖర్న వేసేది. నాలుగు పోట్లు, అంతే. ముక్క ముక్కగానే ఉండాలి, కారం లోపలికి దిగాలి. మిక్సీ ఆ పని చేయలేదు. బ్లేడు కోస్తుంది, రోకలి చితకగొడుతుంది. రుచంతా ఆ తేడాలోనే ఉంది. మన ఇళ్లలో రోళ్లు పెరట్లోకి, అక్కడినుంచి గేటు బయటకు పోయాయి. అపార్ట్‌మెంట్లలో దంచితే కింది ఇంటివాళ్లు పైకొస్తారు. కోటిమందికి పైగా ఉన్న బ్యాంకాక్ మహానగరంలో మాత్రం నడివీధిలో, మనం అడిగాక, మన కళ్లెదుటే దంచి పెడుతున్నారు. ఇంతకన్నా తాజా తిండి ఏ హోటల్లో దొరుకుతుంది?

శాకాహారులూ భయపడనక్కర్లేదు. పసుపు జెండామీద ఎర్ర అక్షరాలతో ‘జే’ అని రాసి ఉన్న బండి చూసుకోండి. అక్కడ మాంసం, చేపల రసమే కాదు, వెల్లుల్లి కూడా వెయ్యరు. అక్టోబర్ ప్రాంతంలో వచ్చే జే పండుగ రోజుల్లో యావరాట్ అంతా ఆ జెండాలే. కొబ్బరిపాలు పోసిన బంక అన్నంతో మామిడిపండు తినాలంటే మాత్రం ఏప్రిల్, మే నెలల్లో వెళ్లండి. నామ్ డోక్ మాయ్ రకం మామిడి రుచి ఎండాకాలంలోనే.