మా ఇంట్లో ఇద్దరు పరీక్షార్థులు

ఉద్యోగం, సంసారం, చదువు అనే మూడింటిలో ఏ రెండింటినైనా ఒక చేత్తో పట్టుకోవచ్చునని, మూడవది కూడా వచ్చి చేరితే ఏదో ఒకటి జారిపోక తప్పదని మా నాన్నగారు అంటూ ఉండేవారు. ఆయన ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు. ఉద్యోగం చేసుకుంటూ ప్రైవేటుగా బి.ఏ. పరీక్షకు కట్టి, మూడుసార్లు తప్పి, నాలుగవసారి ఉత్తీర్ణులైన అనుభవంతో అన్న మాట అది. యాభై నాలుగేళ్ల వయస్సులో ఆ మాట నాకు పదే పదే గుర్తుకు రావడానికి కారణం, గత రెండేళ్లుగా నేను ఆ మూడింటినీ కలిపి పట్టుకోవడానికి ప్రయత్నించడమే. ఏది జారిందో, జారినదానిని ఎలా ఎత్తుకున్నానో సహోద్యోగ మిత్రులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

నేను ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో పట్టా పుచ్చుకొని 1993లో ఈ సంస్థలో చేరాను. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 66వ సెక్షను ప్రకారం ఆ రోజుల్లో స్త్రీలను ఉదయం 6 గంటల నుండి రాత్రి 7 గంటల వరకే సాధారణంగా పనిలో ఉంచేవారు. అందువలన రాత్రి షిఫ్టులు నా వంతుకు రాలేదు. జనరల్ షిఫ్టు, మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, బ్రేకర్లు: ఇదే నా లోకం. మా విభాగంలో అప్పట్లో ఒక సీనియర్ టెక్నీషియన్ ఉండేవారు. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలై, 1991 నుండి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు ధరించిన విశ్వవిద్యాలయంలో ఆయన బి.ఏ. చదువుతూ ఉండేవారు. మధ్యాహ్నం క్యారేజీ ఖాళీ కాగానే స్టూలు మీద కూర్చొని పుస్తకం తెరిచేవారు. ‘నలభై ఐదేళ్లు దాటాక ఈయనకు ఈ చదువు ఎందుకు?’ అని ఇరవై రెండేళ్ల నేను లోలోపల నవ్వుకున్నాను. ఆ నవ్వుకు శిక్ష ముప్పై ఏళ్ల తరువాత పడింది.

ఇంధన పరిరక్షణ చట్టం 2001లో వచ్చింది. దాని కింద 2002 మార్చి 1న బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఏర్పడింది. ఎనర్జీ మేనేజర్లకు, ఎనర్జీ ఆడిటర్లకు జాతీయ స్థాయిలో పరీక్ష నిర్వహించే సంస్థ అదే. మేనేజరు కావాలంటే మూడు పేపర్లు, ఆడిటరు కావాలంటే నాలుగు. మొదటి మూడూ ఒక్కొక్కటి 150 మార్కులవి. సగం మార్కులు వస్తే ఉత్తీర్ణత. పదవీ విరమణకు ఇంకా ఆరేళ్లు ఉన్నాయి. ఆ ఆరేళ్లూ సంతకాలు పెట్టుకుంటూ గడపడం ఇష్టం లేక నేను ఈ పరీక్షకు ఫీజు కట్టాను.

మావారు బ్యాంకు ఉద్యోగి. వేరే ఊళ్లో పనిచేస్తూ శనివారం రాత్రికి ఇల్లు చేరతారు. అమ్మాయి పెళ్లి చేసుకొని పుణేలో ఉంది. ఇంట్లో నేను, మా అత్తగారు, ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్న మా అబ్బాయి. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, పాలు పొయ్యి మీద పెట్టి, భోజనాల బల్ల మీద ఒక వైపు నేను, మరొక వైపు వాడు పుస్తకాలు పరుచుకొనేవాళ్లం. అత్తగారు జపం ముగించుకొని వచ్చి, “మా ఇంట్లో ఇద్దరు పిల్లలు పరీక్షలకు కూర్చుంటున్నారు. ఎవరికి బోర్న్‌విటా కలపాలి, ఎవరికి కాఫీ కలపాలి?” అని వేళాకోళం చేసేవారు.

చదువు నా కళ్లను మార్చిన మాట నిజం. ముప్పై ఏళ్లుగా వండుతున్న వంటింట్లోనే నాకు కొత్త సంగతులు కనిపించసాగాయి. గీజరులో 15 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుండి 60 డిగ్రీలకు వేడి చేయడానికి దాదాపు 0.6 యూనిట్ల విద్యుత్తు కావాలని ఒకనాటి ఉదయం లెక్క కట్టాను. 75 వాట్ల పాత పంకా పది గంటలు తిరిగితే ముప్పావు యూనిట్, 30 వాట్ల కొత్త రకం పంకా తిరిగితే 0.3 యూనిట్ అని అత్తగారికి వివరించాను. ఆవిడ అంతా విని, “గాలి రెండింటికీ ఒకటేనా?” అని ఒకే ఒక్క ప్రశ్న వేశారు. ఎనర్జీ ఆడిటరు మొదట అడగవలసిన ప్రశ్న సరిగ్గా అదే.

కుక్కరు సంగతి మరీ ముఖ్యం. కుక్కరులో ఒత్తిడి నిలిచిన తరువాత లోపలి ఉష్ణోగ్రత 120 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. ఆపైన మంట ఎంత పెంచినా పప్పు త్వరగా ఉడకదు. అదనంగా ఇచ్చిన వేడి అంతా ఆవిరిగా మారి విజిల్ నుండి బయటకు పోతుంది. చప్పుడు ఎక్కువవుతుంది, గ్యాసు ఎక్కువ ఖర్చవుతుంది, అంతే. ఈ సంగతి అబ్బాయికి ఉత్సాహంగా చెప్పాను. చెప్పినదాన్ని నేను ఆచరించానా అంటే, పొయ్యి దగ్గర మాత్రమే ఆచరించాను.

సంక్రాంతి వెళ్లాక వాడి కాలేజీలో ప్రీ-ఫైనల్ పరీక్షలు జరిగాయి. లెక్కల్లో తక్కువ మార్కులు వచ్చాయి. తప్పు పోయినవన్నీ వాడికి తెలిసిన లెక్కలే. ఆ రోజు ప్లాంటులో ఒక పెద్ద మోటారు కాలిపోయి, రాత్రి తొమ్మిదింటి దాకా దాని దగ్గరే నిలబడి వచ్చాను. చెప్పులు విడవకుండానే మార్కుల కాగితం చూశాను. “తెలియనివి తప్పితే అర్థముంది. తెలిసినవి ఎలా తప్పుతావు? దీనిని నిర్లక్ష్యం అనక ఏమనాలి? నన్ను చూడు, ఈ వయస్సులో ఇంటిపని, ఆఫీసు పని చేసుకుంటూ చదవడం లేదూ?” అన్నాను. ఇంకా చాలా అన్నాను. వాడు మారుమాట లేకుండా వెళ్లి పడుకున్నాడు. అత్తగారు అన్నం వడ్డిస్తూ, “అమ్మాయ్, నిన్ను చూడమన్నావు కదా, వాడు చూస్తూనే ఉన్నాడు” అన్నారు. ఆ మాటలోని భావం ఆ పూట నాకు అందలేదు.

మరునాటి నుండి వాడు నాలుగున్నరకు లేస్తూనే ఉన్నాడు, బల్ల దగ్గర కూర్చుంటూనే ఉన్నాడు. కాని పుస్తకం కాస్త నిలబెట్టి పట్టుకొనేవాడు. మా ఇద్దరి మధ్య అట్ట గోడలా నిలిచేది. క్రమశిక్షణ అలవడిందని సంతోషించాను.

ఆ తరువాత కొన్ని రోజులకు నా పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. మధ్యాహ్న భోజన విరామంలో, గదిలో ఎవరూ లేని సమయం చూసి కంప్యూటరులో నా నంబరు కొట్టాను. మొదటి పేపరు ఉత్తీర్ణత. బాయిలర్లు, ఫర్నేసులు, ఆవిరి గొట్టాలతో నన్ను భయపెట్టిన రెండవ పేపరు ఉత్తీర్ణత. నాలుగవది ఉత్తీర్ణత. మూడవ పేపరు, 150కి 68. తప్పింది. ఏడు మార్కులు తక్కువ.

మూడవ పేపరు ఏమిటో చెప్పవలసి ఉంది. దాని పేరు విద్యుత్ వినియోగ వ్యవస్థల్లో ఇంధన సామర్థ్యం. అంటే ముప్పై ఏళ్లుగా నాకు అన్నం పెడుతున్న విషయం. దీపం కింద చీకటి అనే సామెత నా కోసమే పుట్టిందని తోచింది. మోటార్లు, పవర్ ఫ్యాక్టరు నాకు కొట్టిన పిండి అనుకొని ఆ పుస్తకాన్ని పైపైన తిరగవేశాను. కాని ఆ పేపరులో మోటార్లతో పాటు పంపులు, ఫ్యానులు, కంప్రెసర్లు, శీతలీకరణ యంత్రాలు, కూలింగ్ టవర్లు కూడా ఉంటాయి. వాటికి తీగలు బిగించి స్విచ్ వేయడం నాకు తెలుసు. స్విచ్ వేసిన తరువాత వాటిలోపల ఏమి జరుగుతుందో నేను ఎన్నడూ విచారించలేదు. తెలియనిది తెలియదని భయపడి చదివాను, గట్టెక్కాను. తెలుసుననుకున్నది చదవలేదు, మునిగాను. అబ్బాయిని నేను అడిగిన ప్రశ్న నాకే ఎదురుగా వచ్చి నిలబడింది: తెలిసినవి ఎలా తప్పుతావు?

సిగ్గు విడిచి ఒప్పుకోవలసిన విషయం మరొకటి ఉంది. రెండు రోజులు ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మావారు ఫోనులో అడిగితే, “ఇంకా రాలేదండీ” అని అబద్ధమాడాను. ఆఫీసులో తలనొప్పి అని, ఇంట్లో ఆఫీసు పని అని తప్పించుకున్నాను. పుస్తకాన్ని నేను కూడా నిలబెట్టి పట్టుకోవడం మొదలుపెట్టాను. మూడవ రోజు తెల్లవారుజామున తల ఎత్తి చూస్తే బల్లకు అటు ఒక అట్ట, ఇటు ఒక అట్ట. దాని వెనుక వాడు ఏమి దాస్తున్నాడో అని ఆ క్షణంలో మొదటిసారి అనుమానం కలిగింది.

అప్పుడు మా నాన్నగారు జ్ఞాపకం వచ్చారు. తప్పిన మూడుసార్లూ ఆయన రాత్రి భోజనాల దగ్గర, పిల్లలమందరమూ కూర్చొని ఉండగా, “ఈసారి కూడా పోయిందర్రా. ఇంగ్లీషులో పోయింది” అని చెప్పి, మజ్జిగ పోయించుకొని అన్నం ముగించేవారు. చిన్నతనంలో ఆ మాట మామూలుగానే వినిపించింది. ఊరందరికీ చదువు చెప్పే మనిషికి కన్నబిడ్డల ముందు ఆ మాట అనడం ఎంత కష్టమో ఆ తెల్లవారుజామున తెలిసింది.

పుస్తకం మూశాను. “నాన్నా, నా పరీక్ష ఫలితం వచ్చింది. మూడవ పేపరు తప్పాను. నా సొంత సబ్జెక్టే” అన్నాను. గొంతు ఎంత మామూలుగా ఉంచాలనుకున్నా ఉండలేదు. వాడు పుస్తకం దించి నన్ను చూశాడు. “ఎన్ని మార్కులు తక్కువ?” అన్నాడు. ఏడు అన్నాను. కొంచెంసేపు ఏమీ అనలేదు. తరువాత లేచి వెళ్లి, సంచిలో అడుగున మడత పెట్టిన మూడు కాగితాలు తెచ్చి నా ముందు పెట్టాడు. మూడు వారాల ఫిజిక్స్ పరీక్షల కాగితాలు. మార్కులు మరీ తక్కువ. “నువ్వు తిడతావని చూపించలేదమ్మా. మొదటి పాఠం అర్థం కాలేదు. ఆ తరువాతివి దాని మీదే ఉన్నాయి” అన్నాడు.

మంట పెంచినకొద్దీ ఉడికింది పప్పు కాదని, విజిల్ మాత్రమే మోగిందని అప్పుడు బోధపడింది. మూడు వారాలుగా వాడు ఒక పాఠం దగ్గర చిక్కుకొని, బల్లకు అవతల రెండడుగుల దూరంలో ఇంజనీరు తల్లి కూర్చొని ఉండగా, అడగలేకపోయాడు. ఎందుకు అడుగుతాడు? తప్పు చేయడానికి ఆ బల్ల మీద చోటు లేదని నేనే కదా చెప్పింది.

ఆ రోజు వాడిని తిట్టలేదు, ఓదార్చనూ లేదు. ఇద్దరం పరీక్ష తప్పినవాళ్లమే గనుక ఒక ఒప్పందం చేసుకున్నాం. పొద్దున్న మొదటి ముప్పావు గంట వాడి ఫిజిక్స్. నాకు వచ్చినంత నేను చెప్పాలి, రానిది రాదని ఒప్పుకొని ఇద్దరం కలిసి చదవాలి. ఆ తరువాత నా పంపుల లెక్కలు వాడు అప్పగించుకోవాలి. సెంట్రిఫ్యూగల్ పంపు వేగం తగ్గిస్తే ప్రవాహం అదే నిష్పత్తిలో, పీడనం వర్గంగా, శక్తి ఘనంగా తగ్గుతాయని సూత్రం. వేగాన్ని 80 శాతానికి తగ్గిస్తే శక్తి ఎంత అని నేను క్యాలిక్యులేటరు కోసం వెదుకుతూ ఉంటే, “0.512. దాదాపు సగం అమ్మా” అని నోటితో చెప్పేశాడు. వేగం అయిదో వంతు తగ్గిస్తే ఖర్చు సగమవుతుందన్న మాట. ఆ లెక్క విన్న అత్తగారు, “ఈ సంగతి మీ అమ్మకు ముందే తెలిస్తే బాగుండేది” అన్నారు. ఈసారి భావం వెంటనే అందింది. శనివారం వచ్చిన మావారికి కూడా నిజం చెప్పి, అబద్ధమాడినందుకు మన్నించమన్నాను. ఆయన నవ్వి, “సప్లిమెంటరీకి ఫీజు నేను కడతాను” అన్నారు.

మా వాడు ఆ వేసవిలో ఇంటర్మీడియట్ ఉత్తీర్ణుడైనాడు. గొప్ప మార్కులు కావు. ఫిజిక్స్ మాత్రం గట్టెక్కింది. ఇప్పుడు వేరే ఊళ్లో హాస్టలులో ఉండి చదువుకుంటున్నాడు. తప్పిన పేపరు ఒక్కటే మళ్లీ వ్రాసే వీలు ఉండడం వలన నేను దానిని మరల వ్రాశాను. ఫలితం ఇంకా రావలసి ఉంది. వచ్చిన రోజున, అది ఏదైనా, సాయంత్రంలోగా ఇంటిల్లిపాదికీ చెప్పాలని నిశ్చయించుకున్నాను. ఇప్పటికీ నాలుగున్నరకు మెలకువ వస్తూనే ఉంది. బల్లకు ఆవలి వైపు కుర్చీ ఖాళీగా ఉంటుంది. ఆదివారాలు ఫోను చేసి వాడు ముందుగా అడిగే మాట, “అమ్మా, ఏం చదువుతున్నావు?” అని. కిందటి వారం మాత్రం, తాను ఒక టెస్టులో తప్పానని, ఫోను ఎత్తగానే చెప్పాడు. మంచి వార్త విన్నంత తృప్తి కలిగింది.

క్యారేజీ ముగించి స్టూలు మీద పుస్తకం తెరిచిన ఆ సీనియర్ టెక్నీషియన్‌కు, ఆయన ఎక్కడ ఉన్నా, ఈ పత్రికాముఖంగా నమస్కరిస్తున్నాను. మన సంస్థలో ఇల్లు, ఉద్యోగం చూసుకుంటూ పరీక్షలకు చదువుతున్న తల్లులు, తండ్రులు నాకు తెలిసి చాలామంది ఉన్నారు. వారికి నేను చెప్పగలిగినది స్వల్పం. పుస్తకం బల్ల మీద పరచి చదవండి, నిలబెట్టి వద్దు. తప్పినప్పుడు ఆ మాట పిల్లల ముందు మీరే మొదట అనండి.