చుక్కగుర్తులా, దారి వివరాలా?

కోబ్లెంజ్, జర్మనీ

చెల్లాయికి,

మోజెల్ నది రైన్‌లో కలిసే ఈ ఊళ్లోనే కార్ల్ బేడెకర్ 1827లో పుస్తకాల వ్యాపారం పెట్టాడు. క్లైన్ అనే ప్రొఫెసర్ 1828లో రాసిన రైన్ యాత్రా పుస్తకాన్ని సరిదిద్ది, పెంచి, 1835లో మళ్లీ అచ్చువేశాడు. రైన్ మీద ఆవిరి పడవలు వచ్చాక మధ్యతరగతివాళ్లు కూడా ప్రయాణాలు కడుతున్న కాలమది. కొత్త ఊళ్లో దిగినవాడు కిరాయి గైడు చెప్పిందల్లా నమ్మాలి, బసవాళ్లు అడిగినంతా ఇచ్చుకోవాలి. ఆ పరాధీనత తప్పించడమే తన ఉద్దేశమన్నాడు బేడెకర్. అందుకే బండి కిరాయిలు, బస ధరలు కూడా పుస్తకానికి ఎక్కించాడు. గైడ్‌బుక్ గొప్పతనం అక్కడే ఉందని నా నమ్మకం. ఏది చూడదగిందో మన తరఫున తీర్పు చెప్పడం దాని అసలు పని కాదు. తర్వాతి కూర్పుల్లో ఆయనే ముఖ్యమైన చోట్లకు చుక్కగుర్తులు పెట్టాడు. సెలవు తక్కువ, డబ్బు తక్కువ అయినవాళ్లకు ఆ ఎంపిక మేలే కదా అంటావు. మేలే, కాదనను. కానీ ధర తెలిస్తే మనిషి తన నిర్ణయం తాను చేసుకుంటాడు. చుక్క చూస్తే అందరూ ఒకే నిర్ణయానికి వస్తారు. అందరూ ఒకేచోటికి చేరితే ఏమవుతుందో వెనిస్ చెబుతుంది. ఉదయం వచ్చి సాయంత్రం వెళ్లేవాళ్లకు అక్కడ 2024 నుంచి రద్దీ రోజుల్లో ప్రవేశ రుసుము పెట్టారు.

కొలోన్, జర్మనీ

చెల్లాయికి,

చేతిలో ఫోన్ ఉండగా పుస్తకమెందుకన్నది పెద్ద ప్రశ్నే. రైలు వేళలకు, నేటి ధరలకు ఫోనే మేలు. అయితే ఫోన్‌లో ఎక్కువగా కనిపించేది వేలమంది వేసిన చుక్కల సగటు. ఎవరు వెళ్లి చూశారో, ఎవరు డబ్బు తీసుకుని రాశారో తెలియదు. మంచి పుస్తకానికి రాసినవారి పేరుంటుంది, కూర్పు సంవత్సరముంటుంది. తప్పు దొర్లితే అడగడానికి ఒకరుంటారు. మనకు ఈ బాధ్యత కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామి 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, మరుసటి ఏడు సెప్టెంబరులో తిరిగొచ్చాడు. దారిలో స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు రాసి పంపిన వివరాలే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యాయి. మజిలీల మధ్య దూరమెంత, దారి ఎలాంటిది, నీళ్లూ దుకాణాలూ ఉన్నాయా అన్నవి తన వెనక వచ్చేవాళ్ల కోసం రాసిపెట్టాడు. అవి పాతబడ్డాయి నిజమే. ఏ గైడ్‌బుక్కైనా పాతబడుతుంది. పాతబడుతుంది కాబట్టే మళ్లీ వెళ్లి, చూసి, దిద్దేవాళ్లు కావాలి. మన జిల్లాల మీద వచ్చే పుస్తకాలు చాలావరకు స్థలపురాణంతో సరిపెడతాయి. చివరి బస్సు ఎప్పుడో, ఆడవాళ్లు రాత్రి ఎక్కడ ఉండవచ్చో, చక్రాల కుర్చీ ఎందాకా వెళుతుందో చెప్పవు. నువ్వు పుస్తకం కొనేటప్పుడు ముందు ఆ వివరాలు వెతుకు. దొరక్కపోతే, నువ్వు వెళ్లిన ఊరి గురించి నువ్వే రాసి, తేదీ వేసి, తర్వాత వెళ్లేవాళ్లకు ఇవ్వు.

అన్నయ్య