అలిగి పడుకునే చేప

మా అబ్బాయి ఏడో తరగతిలో ఉండగా వేలెడంత ఆస్కార్ చేపను కొనిచ్చాను. అడుగు పొడవు పెరుగుతుందనీ, 10 ఏళ్లు దాటి బతుకుతుందనీ కొట్టతను చెప్పలేదు, నేనూ అడగలేదు. వాడు చదువుకని పట్నం వెళ్లాడు, చేప నాకు మిగిలింది. వారంవారం పావువంతు నీళ్లు తీసి బోరునీళ్లు పోసేసరికి నడుం పట్టేస్తుంది. అదేమో ఆ పూటంతా అలిగి, అడుగున పక్కకు ఒరిగి పడుకుంటుంది. (మొదటిసారి చచ్చిందనే అనుకున్నాను.)

కిందటేడు విసిగి, బకెట్లో వేసుకుని చెరువుగట్టు దాకా వెళ్లాను. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన తొంగిచూసి, "ఇది మన చేప కాదు అయ్యగారూ, ఈ నోటికి చిన్నచేపలు మిగలవు" అన్నాడు. అమెజాన్ చేప మరి. తిరిగి తెచ్చేశాను.

నిన్న అబ్బాయి ఫోన్ చేసి, "నాన్నా, అదింకా ఉందా?" అన్నాడు.

"ఉందిరా. నీళ్లు మార్చాను, అలిగింది."